లోపలి గోడ

ఫోన్లో "నిన్న పబ్‌కి వెళ్లాం" అనగానే అమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆవిడ తప్పేం లేదు. మన దగ్గర పబ్ అంటే జూబ్లీహిల్స్‌లో అర్ధరాత్రి దాకా డీజే మోత, గేటు దగ్గర బౌన్సర్లు, మర్నాడు టీవీలో మొహాలు కప్పుకున్న కుర్రకారు. నేను చుక్క ముట్టనని ఆవిడకి తెలుసు. అందుకే ఇంకేమీ అనకుండా "పిల్లని కూడా తీసుకెళ్లారా?" అని మాత్రం అడిగింది.

తీసుకెళ్లాం. మా ఎనిమిదేళ్ల అమ్మాయి అక్కడ ఆపిల్ జ్యూస్ తాగింది. పక్కన కూర్చున్న ఒక పెద్దాయనతో డామినోలు ఆడి వరసగా రెండాటలు ఓడిపోయింది. ఫైర్‌ప్లేస్ ముందు రాతి నేల మీద గీసి ఉన్న తెల్లటి సున్నాలు చూసి "అమ్మా, ముగ్గు!" అని గట్టిగా అరిచింది. గదిలో ఉన్న ఆరేడుగురూ తల తిప్పి చూశారు. ముగ్గు అంటే ఏమిటని అడిగారు. నాకు తోచినట్టు చెప్పాను. అప్పుడు ఆ పెద్దాయన తమ సున్నాల సంగతి చెప్పాడు. పొగగొట్టంలోంచి మంత్రగత్తెలు ఇంట్లోకి దిగుతారని వెనకటి వాళ్ల భయం. ఆ సున్నాలు దాటి వాళ్లు రాలేరని నమ్మకం. మన గడప ముందు ముగ్గు, వాళ్ల పొయ్యి ముందు సున్నా. చెడు ఏ దారిన వస్తుందనుకుంటామో ఆ దారిలోనే కదా గీత గీసేది.

ఆ పబ్ పేరు ఫ్లీస్ ఇన్. ఇంగ్లండ్‌లో వూస్టర్‌షైర్ జిల్లాలో, ఈవ్‌షామ్ పట్నానికి దగ్గర్లో, బ్రెట్‌ఫర్టన్ అనే చిన్న ఊళ్లో ఉంది. ఆ ప్రాంతమంతా కూరగాయల తోటలు. ముఖ్యంగా ఆస్పరాగస్. ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ దాకా నడిచే ఆ పంట కాలంలో ఈ పబ్ దగ్గర ఆస్పరాగస్ కట్టలు వేలం వేస్తారు. పదిహేనో శతాబ్దంలో ఒక రైతు కట్టుకున్న ఇల్లు ఇది. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉండే పొడుగాటి ఇల్లు. కర్రల చట్రం, మధ్యలో తెల్లటి గోడ, పైన కొంత భాగం గడ్డి కప్పు. 1848లో ఆ కుటుంబం వాళ్లే లైసెన్సు తీసుకుని పబ్ చేశారు.

రైతు ఇల్లు పబ్ ఎలా అయిందని మా ఆయన అడిగాడు. దాని వెనక ఒక చట్టం ఉంది. 1830లో బ్రిటిష్ పార్లమెంటు బీర్‌హౌస్ చట్టం చేసింది. పన్ను కట్టే ఏ గృహస్థుడైనా ఏడాదికి రెండు గినీలు (అప్పట్లో రెండు పౌండ్లకి కాస్త ఎక్కువ) కడితే చాలు, సొంత ఇంట్లోనే బీరు కాచి అమ్ముకోవచ్చు. ప్రమాదకరంగా పెరిగిపోతున్న జిన్ అనే ఘాటు సారా తాగుడు నుంచి జనాన్ని బీరు వైపు తిప్పుదామని వాళ్ల ఆలోచన. దాంతో పల్లెల్లో వేల ఇళ్ల వంటగదులు, ముందు గదులు పబ్‌లు అయిపోయాయి. అందుకే నిజమైన పాత పల్లె పబ్‌లోకి అడుగు పెడితే దుకాణంలోకి వెళ్లినట్టుండదు, ఎవరింట్లోకో వచ్చినట్టుంటుంది. బార్ కౌంటర్ అనేది పట్నాల్లో జిన్ దుకాణాల వాళ్లు తెచ్చిన ఏర్పాటు. పల్లెలో ఇంటావిడ లోపలి గదిలో పీపా దగ్గరికి వెళ్లి జగ్గులో పట్టుకొచ్చి పోసేది. ఆ పద్ధతి మిగిలిన చోట్లు ఇప్పుడు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఫ్లీస్‌ని ఇప్పటి రూపంలో మిగిల్చింది లోలా టాప్లిన్ అనే ఆవిడ. ఆ కుటుంబంలో ఆఖరి మనిషి. 1977లో, ఎనభై దాటిన వయసులో, ఆ పబ్‌లోనే ఒక గదిలో మంట ముందు కూర్చుని కన్నుమూసింది. ఇల్లూ సామానూ అంతా పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఉంచాలని ఒక షరతు. బంగాళాదుంప చిప్స్ ప్యాకెట్లు అమ్మకూడదని ఇంకొకటి.

ఈ చిప్స్ మాట అందరూ ముసలావిడ చాదస్తం అని చెప్పుకుంటారు. మా ఆఫీసులో ఒకామె కూడా అలాగే చెప్పింది. నేను ఒప్పుకోను. ఆ గదిలో గంటసేపు కూర్చుంటే ఆ షరతు ఎంత తెలివైనదో తెలుస్తుంది. ప్యాకెట్ వచ్చిందంటే దాన్ని చింపే చప్పుడు వస్తుంది, నేల మీద ముక్కలు పడతాయి, కౌంటర్ వెనక రంగురంగుల కంపెనీ రాక్ వస్తుంది, రాక్ పెట్టడానికి గోడకి మేకులు వస్తాయి, ఆ పక్కనే ఫ్రిజ్ వస్తుంది. ఒక్కటీ పెద్ద మార్పులా కనిపించదు. పదేళ్లు గడిచాక చూస్తే గది మారిపోయి ఉంటుంది. గోడలు ఉంచండి అని మాత్రం రాసి ఉంటే గోడలు మిగిలేవి, గది పోయేది. ఆవిడ గదిలో మనుషులు ఎలా మసలాలో కూడా రాసింది.

ఇక ఆ గదుల గురించి. మూడున్నాయి. ఒకప్పుడు బీరు కాచిన గదిని బ్రూహౌస్ అంటారు. ఇంకోదాని పేరు డగౌట్. మూడోది ప్యూటర్ రూమ్, అక్కడ పాత ఓక్ అల్మరాలో ప్యూటర్ కంచాలు వరసగా నిలబెట్టి ఉంటాయి. ప్యూటర్ అంటే తగరం ఎక్కువ పాలున్న మిశ్రమ లోహం, మన కంచు గిన్నెల్లాగా ఇంటి పరువు చూపించుకునే వస్తువు. 1651లో వూస్టర్ యుద్ధానికి వెళ్తూ, రాజు మీద పోరాడిన పార్లమెంటు సేనాని ఆలివర్ క్రామ్‌వెల్ బంగారం, వెండి పట్టుకుపోయి బదులుగా ఈ కంచాలు ఇచ్చిపోయాడని ఒక కథ. కథే. కానీ వినడానికి బావుంటుంది, ఆ అల్మరా ముందు కూర్చుని వింటే మరీను.

మేము వెళ్లిన రోజు చినుకులు. తలుపు పక్కనే ఖాళీగా ఉన్న స్టూలు మీద కూర్చోబోతుంటే, ఆ డామినోల పెద్దాయన "అక్కడొద్దమ్మా, ఇటు రండి, తలుపు తీసినప్పుడల్లా చలిగాలి కొడుతుంది" అని పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆయన కూర్చున్నది సెటిల్ అనే చెక్క బల్ల. మన బల్లకి లేనిది దానికి ఎత్తయిన వీపు. కూర్చుంటే తల పైదాకా చెక్క ఉంటుంది. ఎందుకంత ఎత్తు అనుకుంటాం. దానిమీద కూర్చోగానే తెలిసింది, వెనకనుంచి వచ్చే గాలి ఆగిపోయింది, ముందునుంచి మంట వేడి వీపుచెక్కకి తగిలి మెడ దగ్గర నిలిచింది. ఆ బల్ల ఒక చిన్న గది. చెయ్యి పెట్టుకునే చోట చెక్క నున్నబడి నల్లగా మెరుస్తోంది, మన పాత ఇళ్లలో ఉయ్యాలబల్ల గొలుసు పక్కన మెరిసినట్టు. కింద నాపరాళ్లు, మనుషులు ఎక్కువగా నడిచే దారిలో కొంచెం గుంటపడి ఉన్నాయి. మా అమ్మాయి ఆ గుంటలో అరికాలు పెట్టి చూసుకుంది.

పది నిమిషాల్లో మేము అందరితో మాట్లాడుతున్నాం. ఇది చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ఈ దేశం వచ్చి ఏడేళ్లయింది. మొదటి ఏడాది ఆఫీసు వాళ్లు నన్ను పట్నంలో ఒక పెద్ద పబ్‌కి తీసుకెళ్లారు. ఒకటే హాలు. నాలుగు మూలలా టీవీలు. పొడుగాటి కౌంటర్, ముందు క్యూ. మా గుంపు మాతో, పక్క గుంపు తమతో. రెండు గంటలుండి తలనొప్పితో ఇంటికొచ్చాను. ఇంగ్లీషు వాళ్లు కొత్తవాళ్లతో కలవరు అని చాలాకాలం అనుకున్నాను. తప్పు. బ్రెట్‌ఫర్టన్‌లో ఉన్నదీ ఆ మనుషులే. తేడా గదిలో ఉంది. ఎనిమిది మంది పట్టే గదిలో, ఎదురెదురు బల్లల మీద, ఒకే మంట చుట్టూ కూర్చున్నప్పుడు పలకరించకుండా ఉండడమే కష్టం. రెండు వందల మంది పట్టే హాల్లో పలకరించడం కష్టం. మన ఊళ్లలో అరుగు మీద కూర్చున్నవాడు దారిన పోయేవాణ్ణి పలకరించకుండా ఉండలేడు, అరుగు అలాంటిది. అరుగు తీసేసి అక్కడ కారు షెడ్డు కట్టాక అదే మనిషి పలకరించడు. మనిషి మారాడని మనం అనుకుంటాం.

నిజానికి ఆ పట్నం పబ్ కూడా ఒకప్పుడు నాలుగైదు గదులే. పనివాళ్లు బూట్లతో వచ్చే పబ్లిక్ బార్, కాస్త మెత్తటి కుర్చీలున్న స్మోక్ రూమ్, నలుగురైదుగురు కూర్చునే స్నగ్, ఇంటికి పట్టుకెళ్లేవాళ్ల కోసం విడిగా చిన్న కిటికీ. ముఖ్యంగా 1960, 70 దశకాల్లో బ్రిటన్ అంతటా బ్రూవరీలు, అంటే పబ్‌ల సొంతదార్లయిన బీరు కంపెనీలు, ఈ గోడలు కొట్టేశాయి. ఒక కౌంటర్ నుంచి మొత్తం కనిపిస్తే పనివాళ్లు తక్కువ చాలు. లైసెన్సు ఇచ్చే మేజిస్ట్రేట్లకీ కనుమరుగు మూలలు నచ్చేవి కావు. గోడలు పోయాక ఆ ఖాళీ హాలుకి మళ్లీ పాతదనం కావాలనిపించి గుర్రపు జీనుకి వేసే ఇత్తడి బిళ్లలు, పాత పుస్తకాలు హోల్‌సేల్‌లో కొని తగిలించారు. అసలుది పారేసి నకలు కొనుక్కోవడం.

మంచి బీరు కోసం 1971లో మొదలైన కామ్రా అనే వినియోగదారుల సంఘం ఈ నష్టాన్ని గమనించింది. లోపలి భాగం పెద్దగా మారకుండా మిగిలిన పబ్‌ల జాబితా తయారు చెయ్యడం మొదలుపెట్టింది. 1990ల్లో జాబితా అచ్చయ్యేసరికి, పదుల వేల పబ్‌లున్న దేశంలో చెక్కుచెదరనివిగా తేలినవి కొన్ని వందలే. నేను చదువుతూ రాసుకున్నవి కొన్ని చెప్తాను. బెర్క్‌షైర్‌లో ఆల్డ్‌వర్త్ అనే ఊళ్లో బెల్ ఇన్, రెండు వందల యాభై ఏళ్లుగా ఒకే కుటుంబం. అక్కడ కౌంటర్ లేదు, అద్దాల తలుపులున్న చిన్న కిటికీ మాత్రం ఉంది, సెల్‌ఫోన్ తీయకూడదు. సోమర్‌సెట్‌లో హ్యూయిష్ ఎపిస్కోపీ ఊళ్లో రోజ్ అండ్ క్రౌన్, అక్కడ కావలసినవాళ్లు పీపాలున్న గదిలోకే నడిచి వెళ్లి పోయించుకుంటారు. వేల్స్‌లో పెంబ్రోక్‌షైర్ కొండల మధ్య గ్వైన్ లోయలో డిఫ్రిన్ ఆర్మ్స్ ఉంది. ఊరివాళ్లకి ఆ పేరు పట్టదు, బెస్సీ ఇల్లు అంటారు. డెబ్బై ఏళ్లకి పైగా దాన్ని నడిపిన బెస్సీ డేవిస్ 2023 డిసెంబర్‌లో పోయింది. ముందు గది, గోడలో జరుపు కిటికీ, పీపా నుంచి జగ్గు, జగ్గు నుంచి గ్లాసు, గోడ మీద రాణిగారి ఫొటో. ఆ లోయ వాళ్లు ఇప్పటికీ పాత క్యాలెండర్ ప్రకారం జనవరి 13న కొత్త సంవత్సరం చేసుకుంటారు. అలాంటి లోయలో అలాంటి గది మిగలడంలో ఆశ్చర్యం లేదు.

ఈ పేర్లు చూస్తుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలాచోట్ల కాపాడింది ఒక్క మనిషి మొండితనం. లోలా, బెస్సీ. డెవన్‌లో డ్రూస్టైన్టన్ ఊరి డ్రూ ఆర్మ్స్‌ని 1919 నుంచి 1994 దాకా, 75 ఏళ్లు నడిపి 99 ఏళ్ల వయసులో విశ్రాంతి తీసుకున్న మేబెల్ మడ్జ్. ఎక్కువమంది ఆడవాళ్లే కావడం నాకు కాకతాళీయం అనిపించదు. ఇల్లు ఎలా ఉండాలో వాళ్లకి తెలుసు, మార్చమని వచ్చిన సేల్స్‌మన్‌కి వద్దని చెప్పడం తెలుసు.

కానీ మొండితనం మనిషితోపాటు పోతుంది. ఆ తర్వాత చట్టం ఉండాలి. చట్టంలో కంత ఎక్కడుందో చాలామందికి తెలియదు. ఇంగ్లండ్‌లో ఒక భవనాన్ని లిస్టెడ్ బిల్డింగ్‌గా, అంటే కాపాడాల్సిన కట్టడాల జాబితాలో ఉన్నదిగా, ప్రకటిస్తే దాని లోపలికీ రక్షణ ఉంటుంది. అనుమతి లేకుండా దాని స్వరూపం మారేలా లోపలి గోడ కొడితే అది నేరం, 1990 చట్టం ప్రకారం శిక్ష ఉంది. లిస్ట్‌లో లేకపోతే? ప్లానింగ్ చట్టానికి లోపలి మార్పులతో సాధారణంగా సంబంధం ఉండదు. పబ్ పబ్‌గానే ఉంటూ లోపల వందేళ్ల బల్లలు, చెక్క పలకలు, కిటికీ, అన్నీ ఒక వారంలో చెత్త కంటైనర్లో పడొచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. నోటీసు అక్కర్లేదు. ఊరివాళ్లకి కంటైనర్ చూశాకే తెలుస్తుంది.

నా వాదన ఇదే. భవనం కూల్చినప్పుడు పేపర్లో వస్తుంది, జనం రోడ్డెక్కుతారు. లోపలి గోడ కూల్చినప్పుడు ఎవరూ రారు. అయితే అసలు కూల్చివేత అక్కడే మొదలవుతుంది. లోపలిది పోయాక మిగిలింది ఒక పాత డొల్ల. డొల్లని కూలగొడితే ఎవరికీ బాధ ఉండదు.

స్టాఫర్డ్‌షైర్‌లో హిమ్లీ దగ్గర క్రూకెడ్ హౌస్ అని ఒక పబ్ ఉండేది. 1765లో కట్టిన ఇల్లు, కింద బొగ్గు గనుల వల్ల నేల కుంగి ఒక పక్కకి ఒరిగిపోయింది. బల్ల మీద గోళీ పెడితే ఎత్తుకి పోతున్నట్టు కనిపించేది. లిస్ట్‌లో లేదు. చేతులు మారిన కొద్దిరోజులకే, 2023 ఆగస్టు 5 రాత్రి మంటలంటుకున్నాయి. ఏడో తారీఖుకల్లా తవ్వే యంత్రం వచ్చి నేలమట్టం చేసింది. దేశమంతా గగ్గోలు పెట్టింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో స్థానిక కౌన్సిల్ మళ్లీ కట్టమని నోటీసిచ్చింది. ఇటుకలు పేర్చొచ్చు. ఆ ఒరుగు మళ్లీ ఎలా కడతారు?

దానికి పక్కనే ఫ్లీస్ కథ పెట్టి చూడండి. 2004 ఫిబ్రవరిలో దాని గడ్డి కప్పూ అంటుకుంది. పైభాగం చాలా దెబ్బతింది. కింది గదుల్లో సామాను మాత్రం చాలావరకు బయటపడింది. బల్ల ఏ గోడకి ఉండేదో, ఏ కంచం ఏ అరలో ఉండేదో తెలిసినవాళ్లున్నారు. 2005 జూన్‌లో మళ్లీ తెరిచారు. రెండు చోట్లా మంటే. ఒకచోట లోపల ఏముందో విలువ తెలిసిన యజమాని ఉన్నాడు.

ఇక నాకు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఒకటుంది. దాన్ని తప్పించుకుని ఈ వ్యాసం రాస్తే మోసం అవుతుంది.

ఆ గోడలు అందరికీ మంచివి కావు. బర్మింగ్‌హామ్‌ని ఆనుకుని స్మెథిక్ అనే పట్నముంది. 1950, 60ల్లో ఇనుప ఫౌండ్రీల్లో పనికి పంజాబీలు, కరీబియన్ వాళ్లు వేలల్లో వచ్చారు. అక్కడి పబ్‌లలో రంగు చూసి గది ఇచ్చేవారు. పబ్లిక్ బార్‌లో అయితే పోస్తాం, స్మోక్ రూమ్‌లోకి రాకూడదు. కొన్ని చోట్ల అసలు లోపలికే రాకూడదు. 1958లో పంజాబ్ నుంచి వచ్చి ఫౌండ్రీలో పనిచేసిన అవతార్ సింగ్ జౌహల్, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వాళ్లు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నుంచి నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే నాయకుడు మాల్కం ఎక్స్ స్మెథిక్ వచ్చాడు. జౌహల్ ఆయన్ని ఒక పబ్‌కి తీసుకెళ్లాడు. మంచి గదిలో వాళ్లకి పొయ్యలేదు, పబ్లిక్ బార్‌కి వెళ్లాల్సి వచ్చింది. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో ఆయన హత్య జరిగింది. ఆ ఏడాది చివర్లోనే, బహిరంగ ప్రదేశాల్లో వివక్షని నిషేధిస్తూ బ్రిటన్‌లో మొదటి జాతి సంబంధాల చట్టం వచ్చింది.

అంటే నేను పొగుడుతున్న ఈ చిన్న గదులే, అరవై ఏళ్ల కింద నన్ను గుమ్మం దగ్గర ఆపేవి. ఆడదాన్ని కాబట్టి ఒకసారి, రంగు వల్ల ఇంకోసారి. గోడలు పోవడమే మంచిదైంది కదా అని మా ఆయన అన్నాడు. తేలిగ్గా కొట్టెయ్యలేని మాట. వారం రోజులు ఆలోచించాను.

నేను తేల్చుకున్నది ఇది. గుమ్మం దగ్గర ఆపింది గోడ కాదు, గోడ పక్కన నిలబడ్డ మనిషి. ఆ మనిషిని అక్కడి నుంచి లేపింది జౌహల్ లాంటివాళ్ల పోరాటం, దాని వెనక వచ్చిన చట్టం. పట్నాల్లో బ్రూవరీలు గోడలు కొట్టింది సమానత్వం కోసం కాదు, జీతాలు మిగుల్చుకోడానికి. ఇప్పుడు అదే స్మెథిక్, వెస్ట్ బ్రామిచ్ పట్నాల్లో మూతపడబోయిన ఎన్నో పాత పబ్‌లని పంజాబీలే తీసుకుని నడుపుతున్నారు. దేశీ పబ్ అంటారు. పాత రంగు అద్దాల కిటికీల కింద తందూరీ మిక్స్‌డ్ గ్రిల్ పొగలు కక్కుతూ వస్తుంది. ఒకప్పుడు తండ్రిని రానివ్వని గదికి కొడుకు యజమాని. ఆ గది ఉంది కాబట్టే, "తాతయ్యని ఈ తలుపు దగ్గరే ఆపారు" అని మనవడికి చెయ్యి పెట్టి చూపించగలడు. గోడతోపాటు ఆ సాక్ష్యం కూడా పోతే ఎవరికి లాభం?

డబ్బు సంగతికొస్తే, నాలుగు గదుల పబ్ నడపడం కష్టమే. మోసుకెళ్లి ఇవ్వాలి, నాలుగు చోట్ల వేడి పెట్టాలి, చక్రాల కుర్చీ పట్టని గుమ్మాలుంటాయి. గుమ్మం వెడల్పు చెయ్యాల్సిన చోట చెయ్యాలి, అందులో నాకు రెండో మాట లేదు. పల్లెల్లో పెద్ద ప్రమాదం వేరే ఉంది. చాలాచోట్ల పబ్‌గా కంటే ఇల్లుగా అమ్మితే ఎక్కువ ధర వస్తుంది. 2011 స్థానికత చట్టం కింద ఊరివాళ్లు తమ పబ్‌ని సామాజిక ఆస్తిగా నమోదు చేయించుకుంటే, అమ్మకానికి పెట్టినప్పుడు డబ్బు కూడగట్టుకోడానికి 6 నెలల దాకా గడువు దొరికేలా ఆ చట్టం రాశారు. యజమాని వాళ్లకే అమ్మాలని అందులో రాయలేదు, గడువు మాత్రమే. కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ ఊరివాళ్లు ఈ చట్టానికి ముందే, 2003లో, ఓల్డ్ క్రౌన్ అనే తమ పబ్‌ని సహకార సంఘం పెట్టి కొనుక్కున్నారు. తలో కొంత వేసుకున్నారు. మన పల్లెల్లో పాల సొసైటీ పెట్టుకున్నట్టే.

నాకింత పట్టింపు ఎందుకో చెప్పాలి. పశ్చిమ గోదావరిలో మా తాతగారిది మండువా ఇల్లు. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశం. వాన పడితే నాలుగు పక్కల నుంచీ నీళ్లు మండువాలోకి దిగేవి, పిల్లలం అందులో కాగితం పడవలు వదిలేవాళ్లం. వంటింటి గడప మధ్యలో అరచేయంత పల్లం ఉండేది. నాయనమ్మ రోజూ మధ్యాహ్నం అక్కడే కూర్చుని పెరట్లో వాళ్లతోనూ మండువాలో వాళ్లతోనూ ఒకేసారి మాట్లాడేది. తాతగారు పోయాక వాటాలు పంచుకున్నారు. ఇల్లు ఎవరూ ఉంచుకోలేకపోయారు. కొన్నాయన మొదట స్తంభాలు, తలుపులు, ద్వారబంధాలు ఊడదీయించి టేకు ధరకి అమ్మేశాడు. బయట గోడలు, పెంకు అలాగే ఉన్నాయి. రోడ్డు మీంచి చూస్తే ఇల్లు ఇల్లులాగే ఉంది. ఆ ఏడాది సంక్రాంతికి వెళ్లి లోపలికి తొంగి చూశాను. ఖాళీ. నాన్న గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా వెనక్కి తిరిగారు. మరుసటి వేసవిలో కూలగొడుతున్నారని ఫోన్ వస్తే ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి ఏమీ మిగల్లేదు.

తర్వాతెప్పుడో రాజమండ్రి దారిలో ఒక హోటల్లో భోజనానికి ఆగితే, ఏసీ హాల్లో అలాంటి స్తంభాలే నాలుగు నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద ఏ కప్పూ లేదు. పిల్లలు పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నాకు అన్నం సహించలేదు.

మండువా పోయిందని ఏడ్చిన మేము ఒక్క ఫొటో కూడా సరిగ్గా తీసుకోలేదు. ఉన్నవన్నీ పెళ్లి ఫొటోలు, వెనక ఇల్లు సగం సగం కనిపిస్తుంది. లండన్‌లో కిల్‌బర్న్ దగ్గర కార్ల్‌టన్ టావర్న్ అనే పబ్‌ని, లిస్ట్‌లోకి ఎక్కబోతుండగా, 2015లో హఠాత్తుగా కూల్చేశారు. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ ఉన్నదున్నట్టు తిరిగి కట్టాలని పట్టుబట్టింది, 2021లో మళ్లీ తెరుచుకుంది. అది ఎలా సాధ్యమైందంటే, ఊరివాళ్లు ముందే అనుమానపడి కబురు పెట్టడంతో అధికారులు లోపలి వివరాలన్నీ నమోదు చేసి పెట్టారు. కాగితం మీద ఉంది కాబట్టి కట్టమని అడగగలిగారు.

బ్రెట్‌ఫర్టన్ నుంచి వచ్చిన రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. మా ఊళ్లో ఇంకా రెండు మండువా ఇళ్లున్నాయి. ఒకటి తాళం వేసి ఉంది, ఇంకోదాంట్లో ఒక మామ్మగారు ఒక్కరే ఉంటున్నారు. "ఎందుకే ఇప్పుడు అవన్నీ? అమెరికాలో ఉన్న కొడుకు అమ్మేస్తాడంటున్నారు" అన్నాడు. అందుకే బాబాయ్ అన్నాను. ఆదివారం ఇంజనీరింగ్ చదివే మనవణ్ణి, ఒక టేపుని వెంటబెట్టుకుని వెళ్తానన్నాడు. మామ్మగారిని ముందు అడగమని, ఆవిడ రోజూ ఎక్కడ కూర్చుంటారో అక్కణ్ణుంచి నాలుగు వైపులా ఫొటోలు తీయమని చెప్పాను. గోడల పొడుగు వెడల్పులు తర్వాతైనా పర్లేదు. వంటింటి గడప ముందు కొలవమన్నాను, పల్లం లోతుతో సహా.